టేపుతో పాటు లేచిన పసుపు

నిద్ర పట్టకుండా చేస్తున్నది ఓ సన్నని గీత. మా చిన్నాడు పసుపు రంగేసుకున్న నల్ల తోలు బూట్లలో ఎడమదాని మీద, తోలూ మిడ్‌సోలూ (దాని కింద ఉండే మందపాటి సోలు పొర) కలిసే చోట, రంగు అంటకుండా అంటించిన మాస్కింగ్ టేపు లాగగానే పసుపు రంగు కూడా దాంతోపాటే లేచొచ్చింది. మిగతా బూటంతా ముచ్చటగా ఉంది. అయినా చూపు అక్కడికే పోతోంది.

వాడికి అన్నిట్లోనూ తొందరే. లాగాల్సినప్పుడు మాత్రం తొందరపడలేదు, మర్నాటిదాకా టేపు ఉంచేశాడు. రంగు పూర్తిగా ఆరితే టేపు మీదా తోలు మీదా ఒకే పొరగా బిగుసుకుంటుంది, లాగితే అంచు దగ్గర తిన్నగా తెగదు. చివరి పూత తడి తగ్గి ఇంకా మెత్తగా ఉండగానే, టేపును వెనక్కి మడిచి నెమ్మదిగా ఏటవాలుగా లాగాలి. అప్పటికే ఆరిపోయి ఉంటే, ముందు అంచు వెంట బ్లేడు మొనతో తేలిగ్గా గీటు పెట్టుకోవాలి.

అసలు నా కోపం టేపు మీద కాదు, "తుడిచి రంగేసేయండి" అని ఒక్క ముక్కలో తేల్చేసే వీడియోల మీద. కొత్త తోలు బూటు మీద ఫ్యాక్టరీలో వేసిన మెరుపు పూత ఉంటుంది. అది ఉన్నంతసేపూ రంగు తోలును పట్టుకోదు, ఆ పూత మీదే నిలబడుతుంది. లేసులు తీసి, దూదిని అసిటోన్‌లో (గోళ్ల రంగు తీయడానికి వాడే ద్రవం) తడిపి, మెరుపు చచ్చేదాకా రుద్దాలి. దూది మురికవగానే మార్చాలి, లేకపోతే తీసిన పూతనే మళ్లీ పూసినట్టు. మరీ రుద్దితే తోలు పైపొర గరుకెక్కుతుంది. అసిటోన్ జిగురునీ, కొన్ని ప్లాస్టిక్‌లనీ కరిగిస్తుంది కాబట్టి సోల్ అతుకు దగ్గర తడి కారనివ్వకూడదు. కిటికీలు తెరిచి ఉండాలి, దగ్గర్లో మంట ఉండకూడదు. రెక్సిన్ లాంటి సింథటిక్ అయితే ముందు కనబడని మూల పరీక్షించాలి. ఇవన్నీ ఒక్క నిమిషంలో చెప్పొచ్చు. ఎందుకు చెప్పరో!

మా వదిన రంగేసిన ఎర్ర బూట్ల సంగతి చూడండి. వాటికి అసిటోన్ లోటు జరగలేదు. మొదటిసారి వేసుకుని నడిచిన రోజే బొటనవేలి దగ్గర ముడత పడేచోట అడ్డంగా పగుళ్లు. చేతిపనులకు వాడే మామూలు అక్రిలిక్ (నీళ్లతో కలిపే ప్లాస్టిక్ రంగు) అది, పైగా రెండే రెండు దట్టమైన పూతలు. ఆ రంగు ఆరాక గట్టిపడుతుంది, వంగదు. తోలు కోసం చేసే అక్రిలిక్ సాగుతుంది. దట్టంగా వేస్తే పైన పొర కట్టి లోపల తడి మిగులుతుంది, పైది బిగుసుకునేటప్పుడు చిట్లుతుంది.

ఇది రాస్తూంటే మనసు మారుతోంది. తప్పంతా శుభ్రం చేయడంలోనే ఉందనుకున్నాను. కానీ వదిన బూటు రంగు ఊడలేదు, పగిలింది. పెచ్చు లేచి కింద తోలు శుభ్రంగా కనబడితే తుడవడంలో లోపం. పగులు పడ్డా అంచులు అంటుకునే ఉంటే రంగుదో మందానిదో లోపం. మరి చిన్నాడి పసుపు? ఇందాక గోరుతో గీకి చూశాను, టేపు అంచు తప్ప ఎక్కడా కదల్లేదు. అంటే పట్టు బాగానే ఉంది.

టేపు ఆలస్యంగా లాగడానికి తోడు, అసలు తప్పు మందమే. పసుపు పలచని రంగు, నలుపు మీద తేలదు. తేలడం లేదని పూత మీద పూత వేస్తూ పోయాడు, అదంతా అంచున పేరుకుంది. ముందు తెలుపు రెండు పలచని పూతలు వేసుంటే, పైన పసుపు మూడు నాలుగుతో సరిపోయేది. పూతకూ పూతకూ మధ్య పది, పదిహేను నిమిషాలు. మొదటి పూత చారలుగా, వెలవెలబోతూ ఉండాల్సిందే, దాన్ని చూసి బెంబేలెత్తకూడదు.

ఫినిషర్ (రంగు పాడవకుండా చివర్లో వేసే పూత) ఇంకా వేయకపోవడం నయమైంది. రేపు ఆ గీత చుట్టూ ఎత్తుగా ఉన్న అంచును చెవి పుల్లకు చుక్క అసిటోన్ అద్ది పలచన చేయాలి, సన్న కుంచెతో ముందు తెలుపు, ఆపైన పసుపు. ఈసారి టేపు వాడి చేతికివ్వను. ఎల్లుండి మెరుపు లేని మ్యాట్ ఫినిషర్.