పిల్లి కూన నిద్ర చూసి భయపడిన రోజులు

పిల్లిని ఇంట్లో పెంచడం మాకు ఇదే మొదటిసారి. పాలు ఎలా పట్టాలి, దొడ్డికి ఎక్కడ అలవాటు చేయాలి లాంటివి చెప్పేవాళ్ళు కడపలో మా వీధిలోనే ఉన్నారు. నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది మాత్రం దాని నిద్ర. పొద్దున ఆఫీసుకు బయలుదేరేటప్పుడు నిద్ర, మధ్యాహ్నం ఫోన్ చేసి అడిగితే నిద్ర, సాయంత్రం ఇంటికొచ్చి చూస్తే నిద్ర. అందులో ఏది మామూలో, ఏది ప్రమాదమో తెలియడానికి వారాలు పట్టింది. మధ్యలో ఒకసారి అది చేయి దాటిపోతుందనుకున్నాం కూడా. ఇప్పుడు అలాంటి కూనను ఒళ్ళో పెట్టుకుని దిక్కుతోచక కూర్చున్నవాళ్ళకు పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను.

డిసెంబరులో పక్కింటి మేడమీద, పాత సామాన్ల వెనక ఒక పిల్లి పిల్లలు పెట్టింది. కొన్నాళ్ళకు తల్లి రావడం మానేసింది. చివరికి మిగిలింది ఒక్కటే. మా అత్తమ్మ దాన్ని కొంగులో చుట్టుకుని తెచ్చింది. ఒంటి రంగు చూసి మా పాప 'రాగి' అని పేరు పెట్టింది. మర్నాడే డాక్టరుకు చూపిస్తే మూడు వారాల వయసుంటుందన్నారు. పిల్లి పిల్లలు పుట్టిన 7 నుంచి 14 రోజుల్లో కళ్ళు తెరుస్తాయట, ముందుపళ్ళు మూడో వారంలో పొడుచుకొస్తాయట. రాగికి అప్పుడే పళ్ళు చేతికి తగులుతున్నాయి. పుట్టినప్పుడు సుమారు 100 గ్రాములుండే కూన వారానికి మరో వంద గ్రాముల దాకా పెరగాలి. ఆ లెక్కన మాది బాగా తక్కువ బరువుంది. ఆవుపాలు పడితే విరేచనాలు పట్టుకుంటాయని, పిల్లి పిల్లల కోసమే అమ్మే పాలపొడి తెప్పించుకోమని చెప్పారు. బోర్లా ఉంచే పాలు పట్టాలి, చంటిబిడ్డను పట్టుకున్నట్టు వెల్లకిలా పడుకోబెట్టి పడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

నిద్ర గురించి అడిగితే ఆయన తేలిగ్గానే చెప్పారు. పుట్టిన కొత్తలో పిల్లి కూనలు రోజులో దాదాపు తొంభై శాతం నిద్రలోనే ఉంటాయి. తర్వాత కూడా కొన్ని వారాలు, నెలల పాటు 18 నుంచి 20 గంటలు పడుకోవడం వింతేమీ కాదు. ఎదిగిన పిల్లి కూడా 12 నుంచి 16 గంటలు పడుకుంటుంది. ఒళ్ళు పెరగడానికి కావలసిన హార్మోను నిద్రలోనే ఎక్కువగా ఊరుతుంది. ఈ మాట ఇంటికొచ్చి చెబితే మా అత్తమ్మ, "అది నాకు తెలీదా? పసికూన పండుకోక ఏం జేస్తాదమ్మా? పండుకుంటేనే గదా పెరిగేది" అంది.

కానీ నిద్రలో అది చేసేవి చూస్తే ధైర్యం నిలిచేది కాదు. మీసాలు అదిరేవి, చెవులు కదిలేవి, కాళ్ళు ఉన్నట్టుండి తన్నుకునేవి. పెదాలు పాలు తాగుతున్నట్టు చప్పరించేవి. ఒకరోజు పాప ఏడుస్తూ వచ్చింది: "అమ్మా, రాగికి ఫిట్స్ వచ్చినాయి." ఫోన్లో వీడియో తీసి డాక్టరుకు పంపించాను. అది కలల నిద్ర అన్నారు. చిన్న కూనల నిద్రలో ఎక్కువ భాగం ఇదేనట, మెదడుకూ కండరాలకూ మధ్య దారులు పడేది ఇప్పుడేనట. తేడా ఎలా తెలుస్తుందంటే, మెల్లగా పేరు పెట్టి పిలిచినా, కొంచెం తాకినా కలల నిద్రలో ఉన్న కూన కదులుతుంది, లేస్తుంది, అదురు ఆగిపోతుంది. ఫిట్స్ అయితే పిలిచినా పలకదు. ఒళ్ళు కొయ్యబారుతుంది, నోట్లోంచి చొంగ కారుతుంది, తెలియకుండానే ఉచ్చ పోస్తుంది, ఆగాక కూడా కాసేపు దిక్కుతెలియనట్టు తిరుగుతుంది. అప్పుడు పట్టుకుని ఊపకుండా, పడిపోయే చోటు నుంచి జరిపి, వీడియో తీసి వెంటనే తీసుకురమ్మన్నారు. అనుమానమొస్తే వీడియో తీయడం ఆ రోజు నుంచి నాకు అలవాటైంది. మాటల్లో ఎంత చెప్పినా డాక్టరుకు అర్థం కానిది పది సెకన్ల వీడియోలో తెలుస్తుంది.

ఇంకొకటి, సగం తెరిచిన కళ్ళు. నిద్రలో కంటి మూల నుంచి తెల్లటి పొర ఒకటి సగం దాకా కప్పేసి ఉండేది. అది పిల్లులకుండే మూడో రెప్ప, నిద్రలో కనిపిస్తే భయం లేదు. మెలకువగా తిరుగుతున్నప్పుడు కూడా ఆ పొర అలాగే నిలబడి ఉంటే మాత్రం ఒంట్లో బాగాలేదని అర్థం.

అసలు కష్టం ఆ తర్వాత వచ్చింది. మా ఇంట్లో నేలంతా నాపబండలు. ఎండాకాలంలో ప్రాణం లేచొచ్చే చల్లదనం. చలికాలంలో తెల్లవారుజామున కాలు పెట్టలేం. నాలుగు వారాలు నిండని కూనకు తన ఒంటి వేడిని తను కాపాడుకునే శక్తి ఉండదు కాబట్టి అట్టపెట్టె అడుగున గోనెసంచి మడిచి, పైన పాత పంచె వేసి పడుకోబెట్టేవాళ్ళం. అంత చేసినా రాగి రోజురోజుకూ నీరసపడింది. పాల వేళకు ముందు అరిచి గోలచేసేది కాస్తా, మేము లేపితేనే లేచేది. తర్వాత లేపినా సీసా నోట్లో పెట్టుకుని అలాగే నిద్రలోకి జారేది. వంటింటి కాటాలో బరువు కదలడం లేదు. ఒక పొద్దున మా అత్తమ్మ పెట్టెలో చేయిపెట్టి చూసి నన్ను కేకేసింది. "ఇది నిద్రగాదమ్మా. లేపినా లేయడంల్యా. నోరు కూడా సల్లగుండాది."

చేతిలోకి తీసుకుంటే తల తడిగుడ్డలా వేలాడింది. ఊపిరి ఉంది. డాక్టరుకు ఫోన్ చేశాను. ఆయన మొదట చెప్పింది పాలు పట్టవద్దని. ఒళ్ళు చల్లబడిన కూనకు పేగులు పనిచేయవు, మింగే శక్తి ఉండదు, పాలు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముందు వెచ్చబరచాలి, అదీ మెల్లగా. దాన్ని నా ఒంటికి ఆనించుకుని పైన శాలువా కప్పుకున్నాను. మా అత్తమ్మ గోరువెచ్చని నీళ్ళు సీసాలో పోసి, గుడ్డ చుట్టి పక్కన పెట్టింది. చక్కెర నీళ్ళు వేలికి అద్దుకుని చిగుళ్ళకు రాయమన్నారు, ఆకలితో రక్తంలో చక్కెర పడిపోయి ఉంటుందని. రాసేటప్పుడు చిగుళ్ళు చూశాను. గులాబీ రంగులో ఉండాల్సినవి కాగితంలా తెల్లగా ఉన్నాయి. అలాగే గుండెకు హత్తుకుని ఆటో ఎక్కాను. ఏడు రోడ్ల దగ్గర బండ్లు ఆగినప్పుడల్లా శాలువాలో చేయిపెట్టి ఊపిరి ఆడుతోందా అని చూసుకున్నాను.

అక్కడ థర్మామీటరు 96 దాటలేదు. పుట్టిన మొదటి వారంలో అయితే 95 నుంచి 99 ఫారెన్‌హీట్ ఉన్నా సరేగానీ, నాలుగో వారానికి 99 నుంచి 101 ఉండాలి. పెద్ద పిల్లికైతే 100.5 నుంచి 102.5. తర్వాత డాక్టరు సన్నపళ్ళ దువ్వెన తీసి తోక మొదట్లో దువ్వారు. మిరియప్పొడిలాంటి నల్లటి రవ్వలు రాలాయి. వాటిని తడి దూదిమీద పెడితే చుట్టూ ఎర్రగా మరక పాకింది. అవి ఫ్లీస్ అనే గెంతే పురుగుల రెట్ట, అందులో ఉన్నది రాగి రక్తమే. పెద్ద పిల్లి ఒంటిమీద కాసిన్ని పురుగులుంటే గోక్కుంటుంది, అంతే. పావుకిలో కూనలో ఉన్న రక్తమే కొద్ది, రోజూ అవి తాగుతుంటే రక్తం ఉడిగిపోయి ప్రాణం మీదికొస్తుంది. మేము నిద్ర అనుకున్నదంతా రక్తం లేని నీరసం.

ఆ రోజంతా అక్కడే వెచ్చని దీపం కింద ఉంచుకున్నారు. ఒళ్ళు వెచ్చబడ్డాక గోరువెచ్చని సబ్బునీళ్ళతో కడిగి, వెంటనే తుడిచి ఆరబెట్టి, దువ్వెనతో ఒక్కొక్క పురుగునూ తీశారు. ఐరన్ చుక్కలు రాసిచ్చారు. ఇంకా తెల్లబడితే రక్తం ఎక్కించాల్సి వస్తుందన్నారు కానీ అంతదాకా రాలేదు.

ఇక్కడొక హెచ్చరిక చెప్పాలి. తిరిగొస్తూ పురుగుల మందుకోసం ఒక షాపులో ఆగితే కుక్కలకు వాడే మందు చేతిలో పెట్టి, "పిల్లికి కొంచెం తక్కువేయండి మేడం, సరిపోతాది" అన్నారు. కొనేముందు డాక్టరును అడిగాను. కుక్కల మందుల్లో చాలావాటిలో పెర్మెత్రిన్ ఉంటుంది, దాన్ని పిల్లి శరీరం విరగ్గొట్టలేదు. వణుకు, ఫిట్స్ వచ్చి చనిపోతుంది. మనం జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ కూడా పిల్లులకు విషమే, ముక్క కూడా వేయకూడదు. దయచేసి ఎవరు చెప్పినా వినకండి.

కోలుకుంటున్న రోజుల్లో ఒక నోటుబుక్కు పెట్టాను. బరువు, తాగిన పాలు, లేచిన తీరు, అంతే. ఎన్ని గంటలు పడుకుందో రాయడం మానేశాను, దానివల్ల ఏమీ తెలియడం లేదని అర్థమైంది. లేచినప్పుడు ఒళ్ళు విరుచుకుందా, తల నిలబెట్టిందా, పాల సీసా చూసి పరిగెత్తిందా? ఇవి ఉంటే ఇరవై గంటలు పడుకున్నా నేను నిశ్చింతగా ఆఫీసుకు పోయేదాన్ని. పెదవి ఎత్తి చిగుళ్ళ రంగు చూడడం, వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటు రెండు సెకన్లలోపు మళ్ళీ గులాబీ రంగుకొస్తోందా అని చూడడం పాప కూడా నేర్చుకుంది. పాలు తాగే కూన వరుసగా రెండు పూటలు వద్దంటే మర్నాటిదాకా ఆగకూడదని డాక్టరు గట్టిగా చెప్పారు.

బరువు మళ్ళీ పెరగడం మొదలయ్యాక పాత గోల తిరిగొచ్చింది. తెల్లవారుజామున ఫజర్ అజాన్ వినబడే వేళకు లేచి ఇల్లంతా పరుగులు, మళ్ళీ పొద్దుగుంకే వేళకు అదే వరస. పిల్లులు చీకటీ వెలుగూ కలిసే వేళల్లో వేటాడే జీవులు కాబట్టి అది వాటి స్వభావం. రాత్రి మేము పడుకునే ముందు తాడుతో బాగా ఆడించి, ఆఖర్న కడుపునిండా పెడితే కొంచెం ఆలస్యంగా లేపుతుంది.

ఎనిమిది వారాలప్పుడు మొదటి టీకా వేయించాం. ఆ రోజూ మర్నాడూ ముద్దగా పడుకుంది. ఈసారి నాకు కాళ్ళు వణకలేదు. పిలిస్తే కళ్ళు తెరిచింది, తక్కువైనా తిన్నది, చిగుళ్ళు బాగున్నాయి. టీకా తర్వాత ఒకటి రెండు రోజులు మందకొడిగా ఉండడం మామూలే. అదే టీకా పడని కూన నీరసంగా పడి ఉండి, వాంతులు చేసుకుంటూ, నీళ్ళగిన్నె దగ్గర తల వాల్చి తాగకుండా కూర్చుంటే పాన్‌ల్యుకోపీనియా కావచ్చు. అది గంటల్లో ముదిరే జబ్బు. అందుకే 16 వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి వేసే టీకాల్లో ఒక్కటీ తప్పించలేదు.

ఇప్పుడు కడప ఎండలు 40 దాటాయి. చలికాలంలో మమ్మల్ని భయపెట్టిన నాపబండలే రాగికి ఇప్పుడు పరుపు. కాళ్ళు చాపుకుని మధ్యాహ్నమంతా అక్కడే. నిద్రలో ఉన్నప్పుడు పక్కటెముకల కదలిక చూసి అర నిమిషం ఊపిరి లెక్కపెడతాను, దాన్ని రెట్టింపు చేస్తే నిమిషానికి ముప్పై లోపే ఉంటోంది. కలల్లో కాసేపు ఎగుడుదిగుడుగా ఉండొచ్చు. ప్రశాంతంగా పడుకున్నప్పుడు కూడా నలభై దాటి అలాగే నిలిస్తే చూపించాలి. కుక్కలా నోరు తెరిచి రొప్పితే ఇక ఆలోచించకుండా తీసుకుపోవాలి.

అయిదు నెలలు నిండుతున్నాయి కాబట్టి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిద్దామని డాక్టరు అన్నారు. మత్తు దిగాక ఎంతసేపు పడుకోవచ్చు, ఎన్ని గంటలకు తినాలి, ఒళ్ళు చల్లబడకుండా ఏం చేయాలి అన్న ప్రశ్నలు నోటుబుక్కులో ముందే రాసిపెట్టుకున్నాను. వచ్చే వారం వెళ్తున్నాం.