బాయి ఎవరిది? సంతకం ఎవరిది?

సింగరేణి ఎవరిదంటే మా గోదావరిఖనిలో చాయ్ బండి దగ్గర నిలబడ్డ ఎవరైనా చెప్తారు. 51 శాతం తెలంగాణ ప్రభుత్వానిది, 49 శాతం కేంద్రానిది. మా అక్క కొడుకు హైదరాబాద్‌లో ఆడిట్ ఆఫీసులో పనిచేస్తాడు. మొన్న దసరాకు వచ్చి, "అది కంపెనీ సంగతి మామా. నువ్వు దిగిన బాయికి, అంటే బొగ్గు గనికి, ఓనర్ ఎవరు?" అని అడిగిండు. గని లోపల షిఫ్టు పని చూసుకునే ఓవర్‌మెన్‌గా చేసి రిటైరైనోణ్ని కదా, ఈ ప్రశ్న దొరికితే ఊరుకుంటానా!

వాటాల చరిత్ర తొందరగా చెప్పేస్తా. ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని 1871లో జియలాజికల్ సర్వేకు చెందిన డాక్టర్ విలియం కింగ్ గుర్తించిండు. 1886లో ఇంగ్లండ్‌లో పెట్టిన హైదరాబాద్ (దక్కన్) కంపెనీ తవ్వుకునే హక్కు సంపాదించింది. 1889లో బొగ్గు తీయడం మొదలైంది. సింగరేణి కాలరీస్ అనే పేరు 1920లో వచ్చింది. 1945లో నిజాం సర్కారు ఎక్కువ షేర్లు కొన్నది, 1960లో కేంద్రం వాటాదారుగా చేరింది, 2014లో రాష్ట్ర విభజన చట్టం ఆ 51 శాతాన్ని తెలంగాణ పేరు మీద రాసింది. అంటే 1973లో దేశమంతా బొగ్గు గనులను జాతీయం చేసేనాటికే మాది సర్కారు కంపెనీ. ఇంకో తమాషా ఏందంటే, గని లీజు ఇచ్చేది రాష్ట్ర ప్రభుత్వమే, లీజు తీసుకునే కంపెనీలో పెద్ద వాటా కూడా దానిదే. రాయల్టీ ఒక చేత్తో కట్టి ఇంకో చేత్తో తీసుకున్నట్టు. మావోడు దీనికి బాగా నవ్విండు.

ఇగ అసలు సంగతికి వస్తా. నేను పనిచేసిన కాలంలో 1952 గనుల చట్టం ముగ్గురిని పట్టుకునేది: ఓనర్, ఏజెంట్, మేనేజర్. కంపెనీ గని అయితే డైరెక్టర్లలో ఒకరిని ఓనర్‌గా చూపిస్తారు. ఏజెంట్ అంటే ఓనర్ తరఫున పెత్తనం చేసే పెద్ద ఆఫీసర్. రోజూ గని నడిపించే బాధ్యత మేనేజర్‌ది. ఆ కుర్చీలో కూర్చోవాలంటే ధన్‌బాద్‌లోని డీజీఎంఎస్ (గనుల భద్రత చూసే కేంద్ర ఆఫీసు) ఇచ్చే సర్టిఫికెట్ ఉండాలి, పైరవీతో వచ్చేది కాదు. ఆయన కింద అసిస్టెంట్ మేనేజర్లు, సేఫ్టీ ఆఫీసర్, వెంటిలేషన్ ఆఫీసర్, సర్వేయర్, ఆ కింద మేం: ఓవర్‌మెన్, పనిస్థలం దగ్గరుండి మనుషుల భద్రత చూసే సర్దార్. మాక్కూడా సర్టిఫికెట్లున్నయ్. ఓనర్ హైదరాబాద్‌లో మీటింగ్‌లో ఉండొచ్చు, మేనేజర్ పైన ఆఫీసులో ఉండొచ్చు. ఫేస్ (బొగ్గు కొట్టే చోటు) దగ్గర మాత్రం గని సర్దార్ చేతిలోనే ఉంటుంది.

మస్టర్ (హాజరు) పడి, ల్యాంప్ రూమ్‌లో క్యాప్ ల్యాంప్ తీసుకుని మనుషులు దిగకముందే సర్దార్ పనిస్థలం చూసి రావాలి. ముందు పైకప్పు. కర్రతో కొడితే గట్టి కప్పు ఖణేల్మంటుంది, పొర వదిలిన కప్పు బోలుగా మోగుతుంది. ఆ తేడా ఏ సర్టిఫికెట్ పరీక్షలోనూ రాదు, చెవికి రావాల్సిందే. బోలుగా మోగితే దాన్ని దింపేయాలి, లేదంటే కప్పు ఊడిపడకుండా బోల్టు కొట్టించాలి. తర్వాత గ్యాస్. మీథేన్ 1.25 శాతానికి చేరితే కరెంటు తీసేసి మనుషుల్ని వెనక్కి పంపాలి. ఆక్సిజన్ 19 శాతానికి తగ్గొద్దు. పెద్ద షిఫ్టులో ఎంతమంది ఉంటే మనిషికి నిమిషానికి కనీసం 6 ఘనపు మీటర్ల చొప్పున గాలి అందాలి. అందుకే ప్రతి గనికి కనీసం రెండు దారులుంటయ్. ఒక దారిలో గాలి దిగుతుంది, రెండో దారి నుంచి ఫ్యాన్ గుంజుతుంది. షిఫ్టు అయ్యాక పైకొచ్చి, ఒంటి మీద బొగ్గు కడుక్కోకముందే ఇవన్నీ పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. ఏదన్నా జరిగితే అధికారులు మొదట సీజ్ చేసేది ఆ పుస్తకాన్నే. 2003 జూన్‌లో ఇక్కడి 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లొచ్చి 17 మంది పోయిన తర్వాత, ఆ పుస్తకం తెరిచినప్పుడల్లా నా పెన్ను కొంచెం ఆగి రాసేది.

మా నాయిన తట్టా చెమ్మస్ కాలపోడు, అంటే పారతో బొగ్గు ఎత్తి తట్టలో మోసి టబ్బు బండ్లు నింపిన కాలం. ఎత్తిన టబ్బుల లెక్కే ఆయన జీతం. నా కాలానికి బొగ్గు ఎత్తే ఎస్‌డీఎల్ యంత్రాలొచ్చినయ్, అడ్రియాల గనిలో పొడుగాటి గోడలాగా బొగ్గును యంత్రంతో కోసే లాంగ్‌వాల్ వచ్చింది. అయినా భూగర్భంలో టన్ను తీయడానికయ్యే ఖర్చు అమ్మే ధరకన్నా ఎక్కువే. పిల్లర్లు వదులుతూ తొలిచేటప్పుడు బొగ్గులో చిన్న భాగమే చేతికొస్తుంది, మిగతాది పిల్లర్లు తీసేదాకా కప్పును మోస్తూ లోపలే ఉంటుంది. కంపెనీని బతికిస్తున్నది ఓపెన్‌కాస్టులు, అంటే పైనుంచి మట్టి తీసి తవ్వే గనులు. అక్కడ మట్టి తీసేది ఎక్కువగా కాంట్రాక్టర్ల మనుషులు. ఒకప్పుడు లక్ష దాటిన పర్మినెంట్ కార్మికులు ఇప్పుడు 40 వేల లెక్కలోకి వచ్చిండ్రు. 2023-24 లాభాల్లో పెట్టుబడులకని కొంత పక్కన పెట్టి, మిగిలినదాంట్లో 33 శాతం, 796 కోట్లు పర్మినెంట్ కార్మికులకు పంచిండ్రు. కాంట్రాక్టు కార్మికులకు మొట్టమొదటిసారి ఇచ్చింది మనిషికి 5 వేలు. ఓనర్ ఎవరని అడిగినోళ్లకు నేను ముందు ఈ రెండు అంకెలు చూపిస్తా.

ఇప్పుడు కొత్త బొగ్గు బ్లాకులు కేంద్రం వేలంలో పెడుతోంది. కావాలంటే సింగరేణి కూడా పాట పాడాలంట. 2021 డిసెంబర్‌లో మూడు రోజులు సమ్మె చేసింది దాని మీదనే. సర్కారు కంపెనీలో తప్పులు లేవని నేననను. కొన్ని నాకు బాగానే తెలుసు. కానీ ఇక్కడ యూనియన్ ఉంది, దవాఖాన ఉంది, కప్పు బాలేదని పని ఆపితే మర్నాడు ఉద్యోగం ఉంటుందనే ధైర్యం ఉంది. ఆ ధైర్యం లేని చోట సర్దార్ చెవికి బోలు శబ్దం వినపడ్డా నోరు లేస్తదా అన్నదే నా అనుమానం.

"ప్రైవేటోడు వస్తే నీకేంది మామా, నువ్వు రిటైరైనవ్ గదా" అన్నడు మావోడు. నా సర్టిఫికెట్ రిటైర్ కాలేదురా అని చెప్పిన. ఒడిశా దిక్కు గనికి ఓవర్‌మెన్లు కావాలని ఎవరో కాంట్రాక్టర్ మనిషి ఫోన్ చేస్తుండు. జీతం మంచిగనే చెప్పిండు. కప్పు బాలేదంటే పని ఆపే అధికారం నాదా, మీదా అని అడిగితే సార్‌తో మాట్లాడి చెప్తనన్నడు. ఇంకా చెప్పలే.