నెక్ వంగింది, నట్టు తిరగలేదు

మా ఇల్లు నరసాపురం అవతల, కాలవ గట్టు మీద. వెనకాల కొబ్బరి తోట, ఆ వెనకాల రొయ్యల చెరువులు. వానాకాలం వచ్చిందంటే ఉప్పు డబ్బాలో ఉప్పు ముద్దకడుతుంది, అగ్గిపుల్ల గీస్తే మందు రాలిపోతుంది తప్ప వెలగదు, దేవుడి గది తలుపు సగంలో పట్టేస్తుంది. ఇన్నేళ్లు ఇవన్నీ చూస్తూ కూడా, ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో ఒక ఎలక్ట్రిక్ గిటార్ కొని, నరసాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో పై బెర్తు మీద పక్కనే పడుకోబెట్టుకుని తెచ్చి, హాల్లో గోడకి మేకు కొట్టి తగిలించాను. చెక్క తలుపు ఉబ్బుతుందని తెలిసినవాణ్ణి, చెక్క గిటార్ ఉబ్బుతుందని ఎందుకనుకోలేదో!

గిబ్సన్ కంపెనీ లెస్ పాల్ మోడల్ ఆకారంలో ఉండే సెకండ్‌హ్యాండ్ గిటార్ అది. మహాగని నెక్ (అంటే గిటార్ పొడవాటి మెడ), దాని మీద వేళ్లు నొక్కే రోజ్‌వుడ్ పలక, ఫింగర్‌బోర్డు. కొన్నప్పుడు చేతికి వెన్నలా ఉంది. జూలై ఆఖరుకి స్ట్రింగ్స్ పైకి లేచినట్టు అనిపించింది. ఆగస్టులో స్కేలు పెట్టి చూస్తే 12వ ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్టు) దగ్గర స్ట్రింగ్ ఎత్తు 3 మిల్లీమీటర్లు దాటింది. ఒకే వేలితో స్ట్రింగ్స్ అన్నీ నొక్కే ఎఫ్ బార్ కార్డ్ పట్టాలంటే చూపుడువేలు కందిపోయేది. చర్చిలో కీబోర్డు వాయించే అన్నయ్య పాట మధ్యలో నావైపు అదోలా చూడటం మొదలుపెట్టాడు. ట్యూనర్ పెడితే ఓపెన్ స్ట్రింగ్స్ (వేలు నొక్కకుండా మీటినవి) అన్నీ పచ్చగానే చూపిస్తున్నాయి. పైకి వెళ్ళేకొద్దీ స్వరం ఎక్కువైపోతోంది. స్ట్రింగ్ అంత ఎత్తున ఉంటే ఫ్రెట్‌ని తాకించడానికి దాన్ని సాగదీసినట్టే అవుతుంది, సాగితే శ్రుతి పెరుగుతుంది. ఇదంతా తర్వాత అర్థమైంది. అప్పుడు మాత్రం తప్పు నా వేళ్లదే అనుకుని రోజుకో గంట ఎక్కువ సాధన చేశాను.

ఇక్కడే నేను చేసిన మొదటి తెలివితక్కువ పని. స్ట్రింగ్స్ ఎత్తుగా ఉన్నాయి కదా అని బ్రిడ్జి (గిటార్ ఒంటి మీద స్ట్రింగ్స్ ఆనే పట్టీ) కిందున్న రెండు చక్రాలూ తిప్పి కిందికి దింపేశాను. ఎత్తు తగ్గింది, కానీ 12 దాటిన తర్వాత ప్రతి స్వరం ఈగ ముసిరినట్టు జుయ్యిమంది. దాంతో మళ్లీ పైకి లేపాను. వారం రోజులు ఇదే ఆట. నెక్ వంగి ఉంటే బ్రిడ్జితో ఎన్ని తిప్పలు పడ్డా లాభం లేదని తెలియడానికి అంత కాలం పట్టింది.

నెక్ వంపు చూడటం నిజానికి రెండు నిమిషాల పని. మొదటి ఫ్రెట్ మీద కేపో (స్ట్రింగ్స్‌ని నొక్కి పట్టే క్లిప్పు) బిగించి, మందపు స్ట్రింగ్‌ని చివరి ఫ్రెట్ దగ్గర వేలితో నొక్కి పట్టాలి. అప్పుడు ఆ స్ట్రింగే తిన్నని స్కేలు అవుతుంది. 7, 8 ఫ్రెట్ల దగ్గర స్ట్రింగ్‌కీ ఫ్రెట్‌కీ మధ్య సందు ఎంతుందో చూడాలి. పావు మిల్లీమీటరు అటూ ఇటూగా ఉంటే బాగున్నట్టు. అసలు సందే లేకపోతే నెక్ వెనక్కి వంగినట్టు. నా గిటార్‌లో విజిటింగ్ కార్డులు రెండు కలిపి దూర్చినా ఇంకా వదులుగానే ఉంది. ఆరు స్ట్రింగ్స్ కలిసి నెక్‌ని 40 కిలోలకు పైగా లాగుతుంటాయి. ఆ లాగుడుకి ఎదురు నిలబడటానికే నెక్ లోపల ఇనప కడ్డీ, అంటే ట్రస్ రాడ్, పెడతారు. గిబ్సన్ కంపెనీలో పనిచేసిన థాడియస్ మెక్‌హ్యూ పేరు మీద 1923లో దీనికి పేటెంట్ వచ్చింది. గిటార్ తలకాయ దగ్గర చిన్న గంట ఆకారపు ప్లాస్టిక్ మూత తీస్తే దాని నట్టు కనిపిస్తుంది. (గిటార్‌వాళ్లకి స్ట్రింగ్స్ కూర్చునే తెల్లటి ఎముక పట్టీ కూడా నట్టే. ఏ నట్టు సంగతి చెబుతున్నారో తెలియక నేను వీడియోలు చూసి ఒక సాయంత్రం పాడుచేసుకున్నాను.)

ఆ నట్టుని కుడివైపు బిగిస్తే నెక్ వెనక్కి తిరిగి తిన్నగా అవుతుంది, ఎడమవైపు వదిలితే ముందుకి వంగుతుంది. ఒక్కసారికి పావు చుట్టు మించకూడదు. ఇంతవరకూ బాగానే తెలుసుకున్నాను. సరైన పానా లేక ముక్కు పట్టకారుతో పట్టాను చూడండి, అదీ రెండో తెలివితక్కువ పని. మెత్తటి ఇత్తడి నట్టు. పావు చుట్టు తిరిగింది, ఆ తర్వాత బిగుసుకుపోయింది. సందు వెంట్రుకవాసి కూడా తగ్గలేదు. ఇంకొంచెం బలం పెట్టేసరికి పట్టకారు జారి నట్టు మూల ఒకటి చెక్కేసింది. గుండె గుభేలుమంది. రాడ్ లోపలే విరిగితే నెక్ చీల్చాల్సిందే.

పట్నంలో ఒక షాపుకి పట్టుకెళితే, అక్కడి కుర్రాడు ఓసారి ఒంటికన్నుతో చూసి "నెక్ పోయిందన్నా, కొత్తది చూసుకో" అన్నాడు. పక్కనే కొత్త గిటార్ల ధరలు కూడా చెప్పాడు. కొలత తియ్యలేదు, మూత కూడా విప్పలేదు. ఆ మాట నేను నమ్మలేకపోయాను, నమ్మకుండానూ ఉండలేకపోయాను.

చివరికి ఆ నట్టుని చూసినవాడు గిటార్ ముట్టని మనిషి. మా రేవు దగ్గర పడవల డీజిల్ ఇంజన్లు, చెరువుల ఏరేటర్ మోటార్లు బాగుచేసే బాబాయ్ ఒకాయన ఉన్నాడు. సన్నటి బాక్స్ స్పానర్ ఉందేమో అడుగుదామని వెళ్లాను. ఆయన గిటార్‌ని ఒళ్లో పెట్టుకుని, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, నట్టు ఉండే గూట్లోకి టార్చి కొట్టాడు.

"దీన్ని పట్టకారుతో తిప్పింది ఎవడ్రా?"

"నేనే బాబాయ్."

"ఆయ్, తెలుస్తానే ఉంది. బిగింపు మెల్లగా పెరిగిందా, ఠక్కున ఆగిందా?"

ఠక్కున ఆగిందన్నాను. ఆ ఒక్క ప్రశ్న షాపువాడు అడగలేదు, నాకూ తట్టలేదు. "అయితే కడ్డీ బిగుసుకోలేదబ్బాయ్, మర అయిపోయింది. సైకిలు పుల్లకి నిపిలు చివరిదాకా ఎక్కేశాక ఇంకా తిప్పితే ఏమవుద్ది? పుల్ల లాగదు, నిపిలు పాడవుద్ది. ఇదీ అంతే."

8 నంబరు బాక్స్ స్పానర్ గూట్లో దూరలేదు. గ్రైండర్ మీద దాని గోడ పలచన చేశాడు. స్ట్రింగ్స్ మొత్తం వదులు చేయించాడు. నట్టు పూర్తిగా బయటికి తీసి చూస్తే ఆయన చెప్పిందే నిజం: కడ్డీ మీద మర (నట్టు ఎక్కే గాడులు) ఆఖరి చుట్టుదాకా మెరుస్తోంది, ఆ పైన నున్నటి ఇనుము. ముందున్న యజమానులు ఏళ్ల తరబడి బిగిస్తూ వచ్చి మర మొత్తం వాడేశారన్నమాట. నట్టు వెనక రెండు చిన్న ఇత్తడి వాషర్లు వేశాడు. దాంతో నట్టు కొంచెం బయటికి జరిగి కొత్త మర దొరికింది. చిటికెన వేలి కొసతో ఇంత గ్రీజు. నన్ను నెక్‌ని మోకాలి మీద ఆనించి మెత్తగా వెనక్కి పట్టమని, ఆ పట్టులో ఉండగా నట్టుని రెండు వేళ్లతో బిగించాడు. నేను పట్టకారుతో కుస్తీ పట్టిన నట్టు రెండు వేళ్లకి తిరిగింది. ఒకటి మాత్రం చెప్పాలి. నట్టు బయటికొచ్చే పాతరకం రాడ్‌కే ఈ వాషర్ల ఉపాయం. రెండువైపులా పనిచేసే డ్యూయల్ యాక్షన్ రాడ్ ఉన్నవాళ్లు దీని జోలికి పోవద్దు.

ఇంజన్ టాపెట్లు సెట్ చేసే ఫిల్లర్ గేజి (సందులు కొలిచే సన్నటి ఇనప ఆకుల కట్ట) కూడా ఆయనే ఇచ్చాడు. ఇంటికొచ్చి శ్రుతి చేసి కొలిస్తే సందు 0.35 మిల్లీమీటర్లు. అంతకుముందు 0.6 ఉండేది. ఆ రాత్రికి వదిలేశాను, చెక్క సర్దుకోవడానికి టైము కావాలి. పొద్దున్న చూస్తే 0.3. ఇంకో పావు చుట్టు తిప్పి, సాయంత్రానికి 0.22 దగ్గర ఆపేశాను. అప్పుడు బ్రిడ్జి ముట్టుకున్నాను. 12వ ఫ్రెట్ దగ్గర ఎత్తు మందపు స్ట్రింగ్‌కి 2, సన్నపు స్ట్రింగ్‌కి 1.5 మిల్లీమీటర్లు. ఇంటొనేషన్, అంటే నెక్ పొడవునా శ్రుతి సరిగ్గా పలికేలా చెయ్యడం, ఆఖరున. 12వ ఫ్రెట్ దగ్గర నొక్కిన స్వరం హార్మోనిక్ (అక్కడే నొక్కకుండా తాకి పలికించే స్వరం) కంటే ఎక్కువ పలికితే శాడిల్ (బ్రిడ్జి మీద స్ట్రింగ్ కూర్చునే ముక్క) వెనక్కి, తక్కువ పలికితే ముందుకి. ఈ వరస తప్పితే చేసిందే మళ్లీ చెయ్యాలి.

అయినా 9వ ఫ్రెట్ దగ్గర ఒక్క స్వరం మాత్రం గుర్రుమంటూనే ఉంది. ఒకే చోట మోగుతోందంటే అది నెక్ వంపు తప్పు కాదు. చిన్న స్టీలు స్కేలు ముక్కని మూడు ఫ్రెట్ల మీద ఆనిస్తే 10వ దాని మీద ఊగిసలాడింది. ఆ ఫ్రెట్ ఒక కొస గాడిలోంచి లేచింది. చెక్కముక్క అడ్డం పెట్టి చిన్న సుత్తితో రెండు దెబ్బలు, కొసన ఒక చుక్క ఫెవిక్విక్, పైన బరువు. మా మేనత్త వీణకైతే మెట్లు మైనంలో కూర్చుంటాయి, 24 మెట్లూ పీకి మళ్లీ వెయ్యొచ్చు. లోహపు ఫ్రెట్లని చెక్కలో దిగేసినవాళ్లకి ఆ సుఖం లేదు.

జనవరిలో పెళ్లికని గిటార్ తీసుకుని పది రోజులు హైదరాబాద్ వెళ్లాను. నాలుగో రోజుకి మొదటి మూడు ఫ్రెట్లూ గరగరలాడాయి. ఆ పొడిగాలికి నెక్ వెనక్కి తిరిగింది. ఈసారి కంగారు పడలేదు, అర పావు చుట్టు ఎడమవైపు వదిలాను. అన్ని గిటార్లూ ఇలాగే వంగుతాయని మాత్రం అనుకోకండి. భీమవరంలో నా స్నేహితుడి మేపుల్ నెక్ వానాకాలంలోనే వెనక్కి తిరుగుతుంది. అందుకే ముందు కొలత, తర్వాతే పానా. ఇప్పుడు గిటార్ గోడ మీద లేదు, కేసులో సిలికా జెల్ పొట్లాలతో ఉంటుంది.

మొన్న బాబాయ్ రేవు దగ్గర ఎదురుపడి, "నీ వాయిద్యం సంగతి సరే గానీ, నా గేజిలో పాతిక ఆకు ఏదిరా? టాపెట్లు పట్టుకుని కూర్చున్నాను" అన్నాడు. అది ఇంకా నా గిటార్ కేసు జేబులోనే ఉంది.