తెల్లబోర్డు మీద తెలుగు మాటలు

ఆదివారం. విదేశాల్లో పీజీ చదువుకు రాసే జీఆర్ఈ నమూనా పరీక్షకు, ఇంగ్లీషును పరీక్షించే వెర్బల్ భాగం వరకే, ఉదయం ఆరున్నరకే కూర్చున్నాను. అసలు పరీక్ష ఇంటి నుంచే రాస్తున్నాను కాబట్టి మామూలు కాగితం మీద రాసుకోనివ్వరు. చెరిపేయడానికి వీలైన చిన్న తెల్లబోర్డు లాంటిది, మార్కర్ ఉండాలి. చివర బోర్డు తుడిచి కెమెరాకు చూపించాలి. అందుకే సాధన కూడా తమ్ముడి పాత బోర్డు మీదే.

మొదటి విభాగం 12 ప్రశ్నలు, 18 నిమిషాలు. చిన్నప్పటి నుంచి పెన్సిలుతో గీతలు గీసుకుంటూ చదివినదాన్ని. తెర మీద గీత గీయలేననే బెంగతో పాసేజీలోని ఇంగ్లీషు మాటలను ఉన్నవి ఉన్నట్టు బోర్డుకెక్కించాను. మార్కర్ మొన లావు, ఐదు వరుసలకే బోర్డు నిండింది. తీరా ప్రశ్న చూస్తే తలలో ఏమీ నిలవలేదు. మళ్లీ మొదటి నుంచి చదివాను. చివరి రెండింటికి ఊహించి జవాబు పెట్టాను. తప్పుకు మార్కులు తగ్గవు, ఖాళీగా వదలడమే నష్టం.

బోర్డు తుడిచేసి రెండో విభాగం మొదలుపెట్టాను. 15 ప్రశ్నలు, 23 నిమిషాలు. ఒక్క పేరా పాసేజీలకు ఏమీ రాయలేదు. పొడవైనది వలస పక్షులు దారి ఎలా పోల్చుకుంటాయన్న దాని గురించి. ఒక్కో పేరా చదివి, చూపు పక్కకు తిప్పి, అమ్మకు చెబితే ఏమంటానో అదే తెలుగులో రాశాను. "నక్షత్రాలు." "అయస్కాంతం కూడా." "ఏది ముందు?" పక్కనే రచయిత గురించి "తేల్చలేదు" అని. వివరాలు తెర మీద ఉండనే ఉన్నాయి, ఏ పేరాలో వెతకాలో తెలిస్తే చాలు.

అర్థం కాని వాక్యాన్ని ఇంగ్లీషులో ఎన్నిసార్లయినా ఎక్కించవచ్చు. తెలుగులో ఒక్క ముక్క కూడా రాయలేం. రెండో పేరా దగ్గర మార్కర్ ఆగిపోయినప్పుడే, "అయితే" తర్వాతి వాక్యం నాకు అందలేదని తెలిసింది. మళ్లీ చదివింది ఆ ఒక్క వాక్యమే. సరైనవన్నీ ఎంచుకోమనే ప్రశ్నలో ఒక్కటి జారినా మార్కు రాదు కదా, అక్కడ "తేల్చలేదు" అన్న మాటే నన్ను కాపాడింది.

గది ఊడుస్తూ అమ్మ బోర్డు చూసి ఆగింది. "నక్షత్రాలేమిటే?" అంది. తెర వైపు చూడకుండా చెప్పడం మొదలుపెట్టాను. మొదటి పేరా పూర్తవగానే, "మరి మబ్బు పట్టిన రాత్రి?" అని అడిగింది.

రెండో పేరా మొదలయ్యేది సరిగ్గా అక్కడే.