అటక మీద పుర్రె

ఆదివారం, రాత్రి పదిన్నర

పొద్దున లేచేసరికి వాషింగ్ మెషీన్ కింద మడుగు. వంగి చూస్తే డ్రెయిన్ పైపుకి రూపాయి బిళ్లంత బొక్క. పోయిన వారమే మార్చిన కొత్త పైపు. మెకానిక్‌కి ఫోన్ చేస్తే నవ్వాడు. "పైపు మారుస్తా సార్, ఎలకను కూడా నేనే పట్టాల్నా?"

అది అటక మీదే కాపురం ఉంటోందని ఇంట్లో అందరికీ తెలుసు. ఈ రోజు ఇక తప్పలేదు, స్టూలేసుకుని ఎక్కాను. హాల్లో రాగులు జల్లిస్తున్న అమ్మ, "చంపద్దురా, పట్టుకోని చెరువు కాడ వదిలేసి రా. కాణిపాకం స్వామి బండి అది" అంది. నిన్న రాత్రి రాగుల డబ్బాలో పెంటికలు కనబడినప్పుడు ఇదే అమ్మ ఆ బండిని తిట్టిన తిట్లు డైరీలో కూడా రాయలేను.

నేను పైనుంచి ఒక్కొక్కటీ అందిస్తుంటే ఏడో తరగతి చదివే మావాడు కింద అందుకున్నాడు. పైన దీపావళి దీపాల డబ్బా. దాని కింద తిరగని టేబుల్ ఫ్యాను. ఇంకా కింద మా నాయన ట్రంకుపెట్టె. అన్నిటికీ అడుగున, మనం వరల్డ్ కప్ గెలిచిన మర్నాడు, 2011 ఏప్రిల్ 3న వచ్చిన పేపర్లు. పదిలంగా దాచుకున్నాననుకున్నా. సగం పైగా పేలికలై గూడయిపోయాయి. మిగిలిన పేపర్ల కింద, ఆ పేలికల మధ్యలో ఓ ఎలుక పుర్రె. తెల్లగా, శుభ్రంగా, బొటనవేలి కణుపంత ఉంది.

మావాడు దాన్ని అరచేతిలో పెట్టుకుని, "పేపర్ల కింద ఉంది కదా నాన్నా, అంటే 2011 కంటే ముందుదే" అన్నాడు. నాకు భలే సంతోషమైంది. "మరి గూడు దేంతో కట్టింది?" అన్నాను. కాసేపు ఆలోచించి నాలుక కరుచుకున్నాడు. ఆ పేపరు ముక్కలతోనే కట్టింది మరి. రాతి పొరల్ని బట్టి శిలాజాల వయసు చెప్పేచోట కూడా ఇదే తంటా. బొరియ తవ్వుకుని పాత పొరలోకి దిగి అక్కడే చచ్చిన జంతువు, చూసేవాడికి తన వయసు తప్పు చెప్తుంది.

డిగ్రీలో జువాలజీ చదివి ఇన్సూరెన్స్ ఫైళ్ల మధ్య తేలినవాణ్ని నేను. ఇలాంటి సందు దొరికితే వదలను. పుర్రెని కిటికీ దగ్గర వెలుగులో పెట్టుకుని కూచున్నాం. ముందరి పళ్లు బయటివైపు నారింజ రంగు, పింగాణీలో, అంటే పంటి మీది గట్టి పొరలో, ఇనుము ఉండటం వల్ల. వెనకవైపు పింగాణీ లేదు, మెత్తటి పదార్థం. వెనక తొందరగా అరిగి, ముందు నిలబడి, ఎప్పుడూ వడ్రంగి ఉలిలా పదును. పై పన్ను మెల్లగా లాగితే ఊడొచ్చింది, వస్తూనే ఉంది. బయటికి కనబడేది కొంచెమే, మిగతాదంతా నెలవంకలా వంగి ఎముక లోపల దాక్కుని ఉంది. ఇవి బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి, ఏడాదికి పది సెంటీమీటర్ల పైనే. పైవీ కిందివీ ఒకదానితో ఒకటి రాసుకుని అరిగిపోతాయి కాబట్టి సరిపోయింది. అంటే ఆ పళ్లు అరగడానికి నా పైపే అక్కర్లేదు. అయినా కొరికింది.

ఉలిపళ్ల తర్వాత ఖాళీ. ఆ తర్వాత ఒక్కో వైపు మూడేసి దవడపళ్లు. వెనకాల ఉన్న చిన్నది అచ్చం రాగిగింజంత. నిజానికి ఎలుకల వంశవృక్షమంతా ఇలాంటి గింజల మీదే నిలబడి ఉంది. చిన్న జంతువుల ఎముకలు మట్టిలో నలిగిపోతాయి, పింగాణీ ఉన్న పన్ను మిగులుతుంది. శిలాజాలు వెతికేవాళ్లు బస్తాల కొద్దీ మట్టిని నీళ్లలో నానబెట్టి, సన్న జల్లెడలో కడిగి, ఎండబెట్టి, మిగిలిన నూకని మైక్రోస్కోప్ కింద పోసుకుని ఒక్కో పన్నూ ఏరుతారు. "మీ అవ్వ చేసే పనే" అన్నాను. అమ్మ మా వైపు చూడను కూడా చూడలేదు.

పాకిస్తాన్‌లో పొట్వార్ పీఠభూమి మీద, శివాలిక్ అనే రాతి పొరల్లో ఈ పని బాగా జరిగింది. అక్కడ దాదాపు 1.4 కోట్ల ఏళ్ల నాటి ఆంటెమస్ అనే చిట్టెలుక పళ్లు దొరికాయి. ఇప్పటి ఎలుక పై దవడపన్ను మీద బుడిపెలు వరసకి మూడేసి కలిసి ఉంటాయి. ఆంటెమస్‌లో లోపలివైపు బుడిపె అప్పుడే మొలకెత్తింది, ఇంకా వరసలో కలవలేదు. దాని పైన, కొత్త పొరల్లో దొరికిన ప్రోగోనొమిస్‌లో ఆ వరస కుదిరింది. ఇల్లు మారకుండా ఒకే చోట పొర మీద పొర పరిచినట్టు దొరికిన కథ ఇది. సుమారు 1.2 కోట్ల ఏళ్ల కిందట ఎలుక, చిట్టెలుక దారులు చీలాయన్న లెక్క ఇక్కడి పళ్ల నుంచే వచ్చింది. జన్యువుల్లో మార్పులు లెక్కగట్టి జాతులు ఎప్పుడు చీలాయో చెప్పేవాళ్లు చాలాకాలం తమ గడియారాన్ని దీంతోనే సరిచేసుకున్నారు. ఒక రాగిగింజ మీద బుడిపె!

మావాడికి బుడిపెలు పట్టలేదు. "పెద్ద ఎలకలు లేవా?" అన్నాడు. ఉరుగ్వేలో దొరికిందొకటి ఉంది, జోసెఫోఆర్టిగేసియా. పుర్రె ఒక్కటే అర మీటరు పైన, బరువు టన్ను దాకా ఉండొచ్చని 2008లో అంచనా కట్టారు. అయితే అది మన ఎలుకకి కాదు, గినీ పందులకి దగ్గర చుట్టం. అది వాషింగ్ మెషీన్‌నే తినేసేదని మావాడి తీర్మానం. పాకిస్తాన్‌లోనే కాలాచిట్టా కొండల్లో దొరికిన ఓ పాత జాతికి చపాతీమిస్ అని పేరు పెట్టారంటే ఇంకా నవ్వాడు. రోడెంట్లలో, అంటే ఎలుక, ఉడత లాంటి కొరికే జంతువుల్లో, మనకి తెలిసిన బాగా పాతవి, ఉత్తర అమెరికాలో దొరికిన పారామిస్ లాంటివి, సుమారు 5.6 కోట్ల ఏళ్ల నాటివి. డైనోసార్లు పోయి అప్పటికి కోటి ఏళ్లే.

"మన తిరుమల కొండలో దొరకదా?" దొరకదు. ఆ రాళ్లు వంద కోట్ల ఏళ్లకు పైబడినవి, ఎలుక కాదు కదా ఎముకున్న జీవే అప్పటికి లేదు. కావాలంటే బేతంచెర్ల వైపు పోవాలి. అక్కడి బిల్లసర్గం గుహల్లో 1880ల్లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు తవ్వించారు. బయటపడ్డ ఎముకల్లో ముళ్లపందివీ ఉన్నాయి. ముళ్లపంది రోడెంటే, ఎలుకకి చుట్టమే. కుందేలు కాదు, దానికి పై ఉలిపళ్ల వెనక ఇంకో చిన్న జత ఉంటుంది. మూతి పొడుగ్గా, కంపు కొట్టే చుంచెలుక కూడా పేరుకే ఎలుక.

పందికొక్కు మాట వచ్చేసరికి అమ్మ నోరు విప్పింది. ఊళ్లో చెనిక్కాయల చేలో వాటి బొరియలు తవ్వితే బుట్టెడు కాయలు దొరికేవట. ఇంగ్లీషులో బ్యాండికూట్ అనేది మన పందికొక్కే అని చెప్తే, "మన మాటలు కూడా ఎత్తుకుపోయినాయా?" అంది. ఆస్ట్రేలియాలో ఆ పేరు తగిలించుకున్న జంతువు అసలు ఎలుకే కాదని చెప్పేలోపు అమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది.

నేను సంగటి తిని కాస్త నడుం వాల్చి లేచేసరికి, మావాడు అటక దుమ్మంతా బకెట్ నీళ్లలో కలిపి జల్లిస్తున్నాడు, అమ్మ రాగుల జల్లెడతోనే. రెండు ఆవాలు, ఓ బొత్తాం, ఒక దవడపన్ను దొరికాయి. అమ్మ జల్లెడని వీధిలోకి విసిరేసింది. పన్నూ పుర్రె అగ్గిపెట్టెలో చేరాయి. పైన చీటీ: "ఎలుక. కట్టమంచి. అటక, కింది పొర. 2011 తర్వాత."

బతికున్న ఎలక మాత్రం దొరకలేదు. రేపు సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ పైపు, బోను, కొత్త జల్లెడ తేవాలి. జల్లెడ ముందు.