నాలుగు జీబీ గీత

కాపీ మొదలే కాలేదు. ఫైల్ మరీ పెద్దదట! పెన్‌డ్రైవ్‌లో 50 జీబీ ఖాళీ ఉంది, అక్కకి పంపాల్సిన అమ్మానాన్నల పాత వీడియో 6 జీబీనే. పెన్‌డ్రైవ్ పోయిందేమోనని ఒకటే టెన్షన్.

ప్రాపర్టీస్ తెరిస్తే కనిపించింది: ఫ్యాట్32. డ్రైవ్‌లో ఫైళ్లను అమర్చే ఒక పాత పద్ధతి అది. ఎంత ఖాళీ ఉన్నా అందులో ఒక్కో ఫైల్ 4 జీబీ లోపే ఉండాలి.

విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతికి మారుద్దామంటే అక్కది మ్యాక్. మామూలుగా మ్యాక్‌లో ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవ్‌ను చూడటం వరకే, కొత్తగా ఏమీ వేయలేం. తను ఫొటోలు వేసి తిరిగి పంపాలి కదా! అందుకే ఎక్స్‌ఫ్యాట్ అనే మరో పద్ధతి. విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ చూడటం, వేయడం రెండూ అవుతాయి. 2019లో వచ్చిన 5.4 కెర్నల్ (లినక్స్ మూల భాగం) నుంచి లినక్స్‌లోనూ ఉంది.

పాత ఫైళ్లన్నీ వేరేచోట దాచి ఫార్మాట్ చేశాను. ఈసారి వీడియో పూర్తిగా ఎక్కింది.

ఎక్స్‌ఫ్యాట్‌లో జర్నలింగ్ ఉండదు, అంటే చేస్తున్న మార్పులను ముందే రాసిపెట్టుకుని, మధ్యలో ఆగితే సరిచేసుకునే ఏర్పాటు లేదు. "ఎజెక్ట్ చేయకుండా పీకకు అక్కా" అని మెసేజ్ పెట్టాను.