నాలుక కింద పొర: కొలిచాకే కోత

మాట స్పష్టంగా లేదని చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాను. నాలుక చాపితే పెదవి దాటేది కాబట్టి లోపం అక్కడుందని ఎవరికీ తోచలేదు. కింది పళ్ల వెనక గార పట్టిందని క్లీనింగ్‌కి వెళ్తే, డెంటిస్ట్ నాలుక పైకెత్తమన్నారు. కొస మధ్యలో నొక్కుకుపోయి హార్ట్ ఆకారంలో లేచింది. "కింద పొర పొట్టిగా ఉంది, ఒకసారి స్పీచ్ థెరపిస్ట్‌కి చూపించుకోండి" అన్నారు. లాలాజలం ఊరే చోటు కనుక గార ఎవరికైనా అక్కడ ఎక్కువే. నాకు మాత్రం నాలుకతో ఊడ్చుకునే వీలు కూడా లేదు. దవడ పళ్ల పక్కన మెతుకు ఇరుక్కుంటే వేలు పెట్టాల్సిందే.

థెరపిస్ట్ స్కేలు తీశారు. నోరు పూర్తిగా తెరిస్తే 46 మిల్లీమీటర్లు. నాలుక కొసను పై ముందు పళ్ల వెనకున్న బుడిపెకు ఆనించి తెరిస్తే 20. సగం లోపు ఉంటే కదలిక తక్కువ కింద లెక్కట. తర్వాత నా గడ్డం కదలకుండా వేళ్లతో పట్టుకుని "లలలల" అనమన్నారు. నాలుక లేవనే లేదు. ఇన్నేళ్లూ దవడను ఆడిస్తూ దాంతోపాటే నాలుకను లేపుతున్నానని అప్పుడు తెలిసింది. ఎక్కువ మాట్లాడిన రోజు దవడ లాగేది ఇందుకేనేమో.

ళ, ణ పలకాలంటే కొస వెనక్కి మడిచి అంగిలికి తగిలించాలి. ర కి కొస ఆడాలి. నా విషయంలో ఈ మూడింటికీ పొర అడ్డమన్నారు. "స సరిగ్గా పలక్కపోవడం మాత్రం దీనివల్ల కాదండీ, అది అలవాటు. కోసినా పోదు" అని ముందే తేల్చి చెప్పారు. ఆ మాటతో ఆవిడ మీద గురి కుదిరింది. పొర ఉండి కూడా చక్కగా మాట్లాడేవాళ్లు బోలెడుమంది. అందుకే ఏ ఇబ్బంది పొర వల్లో, ఏది కాదో ఇలా విడదీసి చెప్పేవాళ్ల దగ్గరికే వెళ్లమని అందరికీ చెబుతాను.

డాక్టర్ మత్తు ఇంజెక్షన్ ఇచ్చి పొర కోశారు, కరిగిపోయే కుట్లు వేశారు. గాయం మీద తెల్లటి పూత కట్టేసరికి చీము పట్టిందేమోనని టెన్షన్ పడ్డాను. మానేటప్పుడు అలాగే ఉంటుందన్నారు. అసలు కష్టం ఎక్సర్‌సైజులతోనే. ఆపరేషన్‌కి ముందే నేర్పినవాటినే కుట్లు లాగుతున్నా చేయాలి, లేకపోతే మచ్చ బిగుసుకుని నాలుకను మళ్లీ కిందికి లాగేస్తుంది.

ముందు ళ వచ్చింది. ర కి నెలలు పట్టింది. ఆవిడ చెప్పినట్టే స ఉన్నచోటే ఉంది, దానికి ఇంకా థెరపీకి వెళ్తున్నాను.